చెక్కుబందీ

కందుకూరు సబ్ రిజిస్ట్రారాఫీసు గోడవారన
నీలం పట్టా కింద నా బల్ల.
ఇరవై ఆరేళ్ళుగా భూమిని రాతలో కొలుస్తున్నాను,
ఒక్కసారీ టేపు పట్టలేదు.

పదింటికి ప్రశ్నలు వస్తాయి, చెప్పులు బయట విడిచి.
విడవక్కర్లేదు, ఇదీ మట్టి నేలే.
అయినా విడుస్తారు.

"ఇది అప్రూవుడేనా సామీ?"
"ఈసీ పదమూడేళ్ళకే తీశారు, చాలదా?"
"లింకు డాక్యుమెంటు జిరాక్సే ఇచ్చాడు,
ఒరిజినలు బ్యాంకులో ఉందంట.
బ్యాంకులో ఉందంటే భద్రమేగా?"

నవ్వకుండా ఉండటమే
ఈ పనిలో సగం కూలి.

స్కూటర్ మెకానిక్కు రహంతుల్లాకి రెండు మనసులు.
అద్దెగదులా, ఖాళీ స్థలమా?
గదులు కొంటే అద్దె వస్తుంది,
అద్దె ఇవ్వనివాడూ వస్తాడు.
ఖాళీ స్థలం అన్నం అడగదు, పెట్టదు.
ఈ మాట చెప్పినందుకు నాకు టీ ఇప్పించాడు,
నిర్ణయం మాత్రం ఇంకా తీసుకోలేదు.
ఆర్నెల్లయింది.

ఒంగోలు వైపు నుంచి వచ్చినవాడు గజాలంటాడు,
కావలి వైపువాడు అంకణాలంటాడు.
అంకణానికి ఎనిమిది గజాలు,
నడుమ నేనొక ఎక్కాల పుస్తకం.
కొన్నప్పుడు ప్రకాశం, అమ్మేటప్పుడు నెల్లూరు,
సరిహద్దు రాయి ఉన్నచోటే ఉంది,
జిల్లాయే లేచి నడిచింది.

నిన్న పెంచలమ్మ వచ్చింది.
అప్పడాల అమ్మకం,
చీటీ ఎత్తిన డబ్బు,
ఓడరేవు రోడ్డు లోపల పదిహేను అంకణాలు.
రేటు ఇంకా దిగుతుందా అని అడగలేదు.
ఓడలొస్తే ఎన్నింతలవుతుందనీ అడగలేదు.
"రాసింది చదివి వినిపించబ్బా" అంది.

చదివాను.
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా
పుత్ర పౌత్ర పారంపర్యంగా...
"ఆగాగు. నీళ్ళు కూడా నాయేనా?"
కాయితం మీద నీవేనమ్మా.
"రాళ్ళు?"
అవి మటుకు నిజంగానే నీవి.

చెక్కుబందీ కాడికొచ్చాం.
తూర్పు: ఇరవై అడుగుల దారి.
దక్షిణం: ఇరవై ఏడో నంబరు ప్లాటు, అమ్మినవాడిదే.
ఉత్తరం: పంటకాలువ (ఎండిపోయిందని రాయం).
పడమర: ఇతరుల స్థలం.

"ఇతరులంటే ఎవురు?"
బ్రోకరు మాలకొండయ్య ఫోనులోంచి తల ఎత్తి
"ఎవరైతే ఏందమ్మా, నీ హద్దు నీకుంది కదా" అన్నాడు.
"పక్కనోళ్ళ పేరు తెలీకుండా
యాడైనా గోడ కడతారా నాయనా?"

పెన్ను ఆగింది.
ఎన్ని వేల పడమరలకు ఇతరులని రాసి ఉంటాను!
మన్నేరు వైపు నాకూ ఒక ముక్క ఉంది,
వానొస్తే మడుగు, ఎండొస్తే పగుళ్ళు.
దాని కాయితం నా చేత్తోనే రాసుకున్నాను,
నాలుగు దిక్కులా ఇతరులే.
పదకొండేళ్ళు.
అక్కడ నిలబడి ఎవరినైనా కేకేయాలంటే
ఏమని పిలవాలో తెలియదు.

మాలకొండయ్య విసుక్కుంటూ మూడు ఫోన్లు చేశాడు.
నాలుగోది ఎవరో ఎత్తారు.
"దొరసానమ్మంట. గుడ్లూరు అంగన్‌వాడీలో ఆయా.
ఆమెక్కూడా పదిహేను అంకణాలే."

కొట్టేసి కాదు,
కొత్త కాయితం తీసి మొదట్నుంచీ రాశాను.
పడమర: దొరసానమ్మ గారి స్థలం.
ఆ ఒక్క వరసా కొంచెం పెద్ద అక్షరాలతో పడింది.

భోజనాల వేళకి సర్వరు పడిపోయింది.
లేస్తుందేమోనని నాలుగింటిదాకా చూశాం.
రేపు రమ్మన్నారు.
పెంచలమ్మ కాయితాల్ని అప్పడాల సంచిలో,
పిండి అంటకుండా పైన పెట్టుకుంది.
చెప్పులు వేసుకుంటూ
నాకు కాదు, తనకి తనే చెప్పుకుంటూంది:
దొరసానమ్మ. దొరసానమ్మ. గుడ్లూరు.